మా పత్రికకు సంబంధం లేని మనిషి

పద్నాలుగో భాగం

పోయిన వారం కత్తెరమ్మను ఎడిటర్ గది గుమ్మంలో నిలబెట్టి మనం వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. లోపల ఎడిటర్ ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆగమన్నట్టు ఒక వేలు పైకెత్తి పెట్టాడు. ఆ వేలు కిందికి దిగేలోపు, ఈ వారమే పుస్తకం చేతికొచ్చిన వాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

ఒక విలేకరి ఉండేవాడు. పత్రికాఫీసులో అందరూ అతన్ని సాగదీత అనేవాళ్లు. అర పేజీలో తేలిపోయే వార్తను మూడు పేజీలు రాసి పంపేవాడు. ఆ మూడు పేజీలను మళ్లీ అర పేజీ చేసే సబ్ ఎడిటర్ మన కత్తెరమ్మ. పదకొండేళ్లపాటు వీళ్లిద్దరికీ రోజూ ఫోన్లో యుద్ధమే. "అక్కా, కాస్త దయ చూపించక్కా" అని అతను, "ఈ ఉపోద్ఘాతం నీ పెళ్లికి రాసుకోవాల్సింది" అని ఆమె. అంత తిట్టుకున్నా వార్త మాత్రం ఏనాడూ ఆగలేదు. వంతెన గొడవ మొదలయ్యేదాకా.

ఏటి మీద కడుతున్న కొత్త వంతెన స్తంభాలకు పగుళ్లొచ్చాయని సాగదీత రెండు వార్తలు రాశాడు. మూడోది రాస్తుండగా ఒక మంగళవారం సాయంత్రం ఆరూ ముప్పావుకి వంతెన దగ్గర అతన్ని లారీ గుద్ది చంపేసింది. అతనే తాగి బండి నడిపాడని పోలీసులు రాసుకున్నారు. టీ కూడా తాగని మనిషి అతను. మర్నాడు బుధవారం పేపర్లో, అతను పదకొండేళ్లు పనిచేసిన పేపర్లోనే, అతని పేరూ తండ్రి పేరూ వేసి నాలుగు లైన్ల ప్రకటన వచ్చింది. "పత్రిక పేరు చెప్పుకుని జనాన్ని బెదిరిస్తున్న ఈ వ్యక్తికి మా పత్రికతో ఎలాంటి సంబంధమూ లేదు. ఇతనితో జరిపే వ్యవహారాలకు మా బాధ్యత లేదు." ఇది జరిగి పందొమ్మిది రోజులైంది.

ఇక ఎడిటర్ సంగతి. ఈయన పత్రిక యజమానికి బావమరిది. ఎడిటర్ కావడానికి ఉన్న అర్హత అదొక్కటే, ఇంకేదైనా ఉందేమోనని ఆరేళ్లుగా వార్తలు దిద్దే డెస్కు మొత్తం వెతుకుతోంది. అంతకుముందు బావగారి సినిమా హాలు చూసుకునేవాడు. హాలు మూతపడ్డాక తమ్ముడు ఖాళీగా తిరుగుతున్నాడని అక్కగారు పోరుపెడితే, బావగారు తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. డెస్కులో ఆయన వెనకాల అందరూ బావమరిది అనే అంటారు, మనమూ అలాగే అందాం. వంతెన కడుతున్న కంట్రాక్టరేమో అదే యజమానికి వియ్యంకుడు. అందుకే పగుళ్లు ఏటి మీద వచ్చినా నొప్పి ఈ ఇంట్లో పుట్టింది.

వేలు దిగింది.

"రామ్మా, రా. కూర్చో" అన్నాడు బావమరిది.

ఆరేళ్లలో ఆమెను కూర్చోమనడం ఇదే మొదటిసారి. కత్తెరమ్మ కూర్చుంది. గదిలో చలిపెట్టే ఏసీ, గోడల నిండా బావమరిది పెద్దవాళ్లతో చేతులు కలుపుతున్న ఫొటోలు. బల్ల మీద పదకొండు పేజీల ఉపన్యాసం కట్ట ఉంది. వచ్చే వారం విదేశంలో ఏదో మహాసభలో పత్రికా స్వేచ్ఛ మీద ఆయన మాట్లాడబోతున్నాడు. దాన్ని దిద్దిపెట్టమని నిన్న ఆమెకే ఇచ్చాడు. అందులో ధైర్యం అనే మాట పదిహేడు సార్లు వచ్చింది, ఆమె పదహారు కొట్టేసింది. మిగిలిన ఆ ఒక్కటి కూడా ఈ మనిషి నోట్లో ఎలా పడుతుందా అనిపించి రాత్రి అన్నం సయించలేదు.

ఎదురుగా మరో కుర్చీలో జాబితావిడ కూర్చుని ఉంది. ఆ పేరు కూడా డెస్కు పెట్టిందే. ప్రపంచంలో ఎక్కడ ఏ విలేకరి చచ్చిపోయినా అతని పేరు రాసుకునే ఒక విదేశీ సంస్థ తరఫున వచ్చిన తెలుగావిడ. ఊరికే రాసుకోరు. ముందు అతను నిజంగా విలేకరేనా అని తేల్చుకోవాలి, ఆ తర్వాత ఆ పని వల్లే పోయాడా అని తేల్చుకోవాలి. రెండు గడుల్లోనూ టిక్కు పడితేనే జాబితాలోకి ఎక్కుతాడు. చావడానికి కూడా అర్హత పత్రం కావాలన్నమాట అని మొదట్లో కత్తెరమ్మకు ఒళ్లు మండింది. కానీ ఆ సంస్థ జాబితాలో పేరెక్కితే పైనుంచి ఒత్తిడొచ్చి కేసు ఇక్కడి పోలీసుల చేతుల్లోంచి పోతుంది, బయటివాళ్లు వచ్చి విచారణ చేస్తారు. ఎక్కకపోతే సాగదీత ఎప్పటికీ తాగి లారీ కింద పడ్డ దొంగ విలేకరిగానే మిగిలిపోతాడు. అతని భార్య ఆ సంగతి తెలిసే పొద్దున తొమ్మిదింటికే వచ్చి బయట రిసెప్షన్ బెంచీ మీద కూర్చుంది. ఆమె గదిలోకి రానక్కర్లేదని బావమరిది చెప్పించాడు.

"ఈవిడ మా డెస్కులో సీనియర్" అని పరిచయం చేశాడు బావమరిది. "ముప్పై ఏళ్లుగా ఉంది. ఈవిడ కళ్లు పడకుండా మా పేపర్లో అక్షరం పోదు. అంతేనా అమ్మా?"

"అంతే సార్."

"అందుకే నిన్ను పిలిచాను. ఏం లేదు, రెండు లైన్లు. చదివి ఒక సంతకం పడేస్తే ఈవిడ పని అయిపోతుంది. పాపం విమానం టైమవుతోంది."

టైపు చేసిన కాగితం ఆమె ముందుకు జరిగింది. 'ఈ వ్యక్తి పంపిన వార్తలేవీ ఏనాడూ ఏమాత్రమూ నా చేతుల మీదుగా వెళ్లలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది.' కత్తెరమ్మ పెన్ను తీసింది. బావమరిది మొహంలో వెలుగొచ్చింది. ఆమె 'ఏమాత్రమూ' కొట్టేసి, 'ఇందుమూలంగా' కొట్టేసి, కాగితం తిరిగి ఆయన ముందుకే తోసింది.

"ఇదేంటమ్మా?"

"ఎక్కువైన మాటలు తీసేశాను సార్. మిగతాది కూడా తీసెయ్యాల్సిందే. ముందు ఈవిడ ఏదో అడగాలనుకుంటున్నట్టున్నారు."

జాబితావిడ ఫారం మీంచి తలెత్తింది. మెల్లగా, ప్రతి మాటా తూచినట్టు మాట్లాడే మనిషి. "సంతకం తర్వాత చూద్దాం. ఎడిటర్ గారూ, ఆయన్ని పనిలోంచి ఎప్పుడు తీసేశారు?"

"తీసెయ్యడానికి అసలు పెట్టుకుంటే కదండీ?" బావమరిది చేతులు దులిపేసుకున్నాడు. "ఊళ్లలో ఇలాంటివాళ్లు బోలెడుమంది. ఒక కెమెరా మెళ్లో వేసుకుని మేం ప్రెస్ అంటారు. మీరుండే దేశాల్లో ఉండవేమో ఇవన్నీ."

"ఉంటాయి" అంది జాబితావిడ. "ఆయన మంగళవారం సాయంత్రం చనిపోయారు. మీ ప్రకటన బుధవారం పొద్దున వచ్చింది. చనిపోయిన మనిషితో ఎవరూ వ్యవహారాలు జరపరు కదా. మరి ఆ ప్రకటన ఎందుకు వేసినట్టు?"

మంచి ప్రశ్నే. ఫారం నింపే మనిషిలో ఇంత బుర్ర ఉంటుందని కత్తెరమ్మ అనుకోలేదు. బావమరిది మాత్రం ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు కుర్చీలో ముందుకు జరిగి, గొంతు తగ్గించి, అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. సినిమా హాలు నడిపినన్నాళ్లూ తెర మీద చూసి నేర్చుకున్నది వృథా పోలేదు.

"మీ దగ్గర దాపరికం ఎందుకు? ఆయన పోయిన సంగతి మాకు ఏడున్నరకి తెలిసింది. అంతే, ఇక ఒకటే ఫోన్లు. మీ విలేకరటగా, మీ విలేకరటగా అని. తొంభై మంది బతుకుతున్న సంస్థ ఇది. పరువేం కావాలి? ఎనిమిదిన్నరకి నేనే, ఇదిగో ఈ కుర్చీలో కూర్చుని, స్వయంగా రాసి కిందికి పంపించి పెట్టించాను. శవం చల్లారకముందే అలా వెయ్యడం తప్పే. ఆవేశంలో తొందరపడ్డాను. నేనూ మనిషినే కదండీ. ఒప్పుకుంటున్నాను, రాసుకోండి."

జాబితావిడ రాసుకుంది. బావమరిది కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి అందులో తడి ఉందో లేదో కత్తెరమ్మకు కనపడలేదు. చిన్న తప్పు ఒప్పేసుకుని పెద్దమనిషి అనిపించుకోవడం ఎంత తేలికో. ఈ మాటలు నమ్మదగ్గట్టే ఉన్నాయి, అదే ఆమె బాధ. ఇంతకాలం ఆమె కూడా అలాగే అనుకుంది. చచ్చినవాణ్ని వదిలించుకున్నారు, పిరికి సన్నాసులు, ఇంతకంటే వీళ్ల నుంచి ఏం ఆశిస్తాం అని.

"అనుమానం ఉంటే చూసుకోండి. దాచేదేముంది?" అంటూ బావమరిది సొరుగులోంచి ఆ బుధవారం పేపరు తీసి, బల్ల మీద పరిచి, ప్రకటన చుట్టూ వేలితో సున్నా చుట్టి చూపించాడు.

కత్తెరమ్మ ఆ రోజు పేపరు ముట్టుకోలేదు. ఆ పొద్దున ఆమె ఆసుపత్రి శవాల గది బయట సాగదీత భార్య పక్కన నిలబడి ఉంది. తర్వాత కూడా అసహ్యమేసి తెరవలేదు. ఆమె చూసిందల్లా ఆ ప్రకటన ముక్క ఒక్కటే. సాగదీత భార్య అక్షరాల అంచుదాకా కత్తిరించి పర్సులో పెట్టుకు తిరుగుతున్న నాలుగు లైన్ల ముక్క. ఇప్పుడు మొదటిసారి మొత్తం పేజీ కళ్ల ముందు పరుచుకుంది. ఆమె చూపు అలవాటు కొద్దీ పేజీ నెత్తికి పోయింది. తొమ్మిది.

ఇక్కడ పాఠకులకు ఒక్క మాట చెప్పాలి. ఆ పత్రికకు పన్నెండు పేజీలు. కింద మిషను పాతది, అన్నీ ఒకేసారి అచ్చు వెయ్యలేదు. అందుకని మూడు నుంచి పది దాకా లోపలి పేజీలు సాయంత్రం నాలుగింటికే మిషనెక్కించి అచ్చు కొట్టి కట్టలు కట్టేస్తారు. పొద్దుపోయేదాకా కొత్త వార్తల కోసం తెరిచి ఉంచేది ముందు రెండు, వెనక రెండు, అంతే. డెస్కులో మొన్న చేరినవాళ్లకి కూడా మొదటి రోజే చెప్పే సంగతి ఇది. ఆ భవనంలో ఇది తెలియని మనిషి ఒకే ఒక్కడు.

కత్తెరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు.

"ఏమైందమ్మా?"

"సార్, ఇది తొమ్మిదో పేజీ."

"అయితే?"

"తొమ్మిదో పేజీ నాలుగింటికే అచ్చయిపోతుంది సార్. మీరు ఎనిమిదిన్నరకి రాసి పంపితే అది ఇందులోకి ఎలా వచ్చింది?"

బావమరిది ఆమె వంక చూశాడు, పేపరు వంక చూశాడు, మళ్లీ ఆమె వంక చూశాడు. ఏమీ అర్థం కాలేదని మొహంలో తెలుస్తూనే ఉంది. అర్థమైంది జాబితావిడకి. పెన్ను పక్కన పెట్టి, "మళ్లీ ఒకసారి చెప్పండి" అంది.

కత్తెరమ్మ చెప్పింది. లోపలి పేజీల సంగతి, మిషను సంగతి, కట్టల సంగతి, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఎనిమిదిన్నరకి ఇందులో ఏదైనా పెట్టించాలంటే ఒకటే దారి. కట్టలన్నీ విప్పి, ఒక్కో పేపరు మీదా సార్ పెన్నుతో రాసుకుంటూ పోవాలి. సార్ ఐదింటికల్లా ఇంటికెళ్లిపోతారు."

"అంటే ఈ ప్రకటన..."

"నాలుగింటికి ముందే ఇచ్చారు. ఆ టైముకి ఆయన బతికే ఉన్నాడు. ఇంకో మూడు గంటలకి చచ్చిపోబోయే మనిషిని మావాళ్లు ముందుగానే విలేకరి కాకుండా చేసి పెట్టుకున్నారు. తెల్లారేసరికి ఎవరూ అడక్కుండా."

అద్దాల తలుపు అవతల డెస్కులో పద్నాలుగు తలలు పద్నాలుగు కంప్యూటర్లలోకి ఇంకాస్త వంగాయి. అన్నీ వింటున్నాయి, ఒక్కటీ పైకి లేవదు. వాళ్ల మీద కూడా ఆమెకు అసహ్యం పొంగుకొచ్చింది.

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?" బావమరిది గొంతు ఒక్కసారి కీచుమంది. "ఆ రోజు... ఆ రోజు పేజీ మళ్లీ తెరిపించాం. ప్రత్యేకంగా."

"అచ్చయిపోయిన పేజీ తెరవరు సార్. ఆరేళ్లయింది మీరొచ్చి. ఒక్కసారి మెట్లు దిగి కిందికెళ్లి మిషను చూశారా? ఇంకు వాసనకి తలనొప్పొస్తుందన్నారు. అబద్ధం చెప్పడానికైనా కాస్త పని తెలిసుండాలి కదండీ. ఇన్నాళ్లూ మిమ్మల్ని చూసి భయపడ్డానే, ఆ భయం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది."

ముప్పై ఏళ్లలో ఆమె ఒక ఎడిటర్‌తో ఇలా మాట్లాడింది ఎప్పుడూ లేదు. చెవులు వేడెక్కాయి. నిజం చెప్పొద్దూ, చాలా హాయిగా అనిపించింది.

"దీనికి ఆధారం చూపగలరా?" అంది జాబితావిడ. "మీ మాట నేను నమ్ముతాను. మా వాళ్లు కాగితం అడుగుతారు."

"కాగితమే చూపిస్తాను. ప్రతి పేజీ మిషనెక్కే ముందు ఒక ప్రింటు తీస్తారు. డెస్కులో చూసినవాళ్లు దాని మీద సంతకం చేసి టైము వేస్తారు. ఆ ప్రింట్లన్నీ కింద ఫైల్లో ఉంటాయి." బావమరిది నోరు తెరిచేలోపే ఆమె బల్ల మీద ఉన్న ఆయన ఫోనే ఎత్తి కిందికి కలిపింది. "మేస్త్రీ, మూడు వారాల కిందటి బుధవారం పేపరు ప్రింట్ల ఫైలు పైకి తీసుకురా. ఎడిటర్ గారి గదికి. అవును, నువ్వే రా."

మిషను మేస్త్రి వచ్చాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూనే వచ్చాడు. ఈ గదిలో ఎక్కడ నిలబడాలో తెలియక తివాచీ అంచున ఆగిపోయి, ఫైలు తెరిచి పేజీలు తిప్పాడు. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిది దగ్గర ఆగి ఎడిటర్ వైపు కాకుండా కత్తెరమ్మ వైపు చూశాడు.

"అమ్మా, మీరే చూసుకోండి" అని ఫైలు ఆమె చేతిలోనే పెట్టి, తలుపు వెయ్యకుండానే వెళ్లిపోయాడు.

పేజీ అడుగున ఆకుపచ్చ సిరా. 'చూశాను. 3.50.' దాని పక్కన పొడి అక్షరాలు రెండు. ఆ భవనంలో ఆకుపచ్చ సిరా వాడే మనిషి ఒక్కతే.

మామూలుగా తొమ్మిదో పేజీ ఆమెది కాదు. గళ్ల నుడికట్టు తయారుచేసే ఆయనది. ఆ మంగళవారం ఆయన పన్ను పీకించుకోవాలని మూడింటికే దవడ పట్టుకుని వెళ్లిపోతూ, "ఆ పేజీ కూడా మీరే చూసెయ్యండి" అన్నాడు. చూసేసింది. వార్తలు చదివింది, శీర్షికలు చదివింది, ఒక ఫొటో కింద తేదీ తప్పుంటే దిద్దింది. ప్రకటనలు డెస్కు చదవదు. అవి ప్రకటనల విభాగం నుంచి కట్టగా వస్తాయి, డెస్కు వాటిని ఖాళీ జాగాగా చూస్తుంది. ఆమె కూడా అలాగే చూసింది. పదకొండేళ్లుగా ఎవడి వాక్యంలో ఒక్క మాట ఎక్కువైనా ఊరుకోలేదో, వాడి పేరున్న నాలుగు లైన్ల మీదుగా కళ్లు జారిపోయి, కింద సంతకం పెట్టింది.

బావమరిది లేచి వచ్చి ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. ఒక్క క్షణంలో మనిషికి ప్రాణం లేచొచ్చింది.

"ఇదేంటమ్మా, నీ సంతకం కాదూ ఇది?"

ఆమె ఫైలు బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు ఆయన మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాడు. పనీపాటా రాని మనిషే గానీ, ఎదుటివాళ్లు ఎక్కడ దొరికారో పసిగట్టడం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. "చూడమ్మా, నేను నీ మంచికే చెప్తున్నాను. పేజీ నాలుగింటికి పోయిందంటే దాన్ని పాస్ చేసింది ఎవరు? నువ్వు. రేపు బయటి నుంచి విచారణకొచ్చినా ముందు అడిగేది నిన్నే. తెలిసే పెట్టావా అంటారు. అదే ఆ పేజీని ఎనిమిదిన్నరకి మళ్లీ తెరిచాం అనుకో, అప్పుడు నువ్వు ఆఫీసులోనే లేవు. నీకు దీంతో ఏ సంబంధమూ లేదు. మేస్త్రికి నేను చెప్పుకుంటాను. ఒకసారి నెమ్మదిగా గుర్తు తెచ్చుకో. తెరిచాం కదా?"

విచారణ అంటే ఆమెకు భయం వెయ్యలేదు. భయపెట్టింది మరొకటి. బావమరిదికి దాని సంగతే తెలియదు.

ఆ రోజు నాలుగున్నరకి డెస్కులో ఆమె బల్ల మీద ఫోను మోగింది. సాగదీత. "అక్కా, వంతెనకి పోయే దారిలో కంట్రాక్టరు మనుషులు రేపటి పేపరు చూసుకోరా అని ఒకటే నవ్వుతున్నారు. నా గురించేమైనా వస్తోందా?" అప్పటికే లోపలి పేజీలన్నిటి మీదా సంతకాలు పెట్టి టీ తాగుతోంది ఆమె. "పేజీలన్నీ నేనే చూశాను. ఏమీ లేదు. బెదిరింపులు నీకు కొత్తా? వెళ్లి ఆ స్తంభం ఫొటో తీసి పంపించు. మూడు పేజీలు రాయకు, ఫొటో పెద్దది పెడదాం" అంది. సరేనక్కా అని పెట్టేశాడు. ఈ పందొమ్మిది రోజులూ ఆమె ఆ మాటలు ఎవరికీ చెప్పలేదు. తను చెప్పినప్పుడు అది నిజమే కదా, ప్రకటన అతను పోయాక పెట్టారు కదా అని తనకి తాను నచ్చజెప్పుకుంది. రాత్రిళ్లు నిద్రపట్టిందంటే ఆ ఒక్క మాట వల్లే.

ఇప్పుడు దాన్ని తన నోటితోనే కాదనాలి. కాదనకుండా ఊరుకోవడం ఎంత సులువో బావమరిది నవ్వుతూ చూపిస్తున్నాడు. తెరిచాం సార్ అంటే చాలు. ఆమె అతనికి నిజమే చెప్పినట్టవుతుంది. అతను మాత్రం దొంగ విలేకరిగా మిగిలిపోతాడు. ఇందాక ఈ మనిషిని చూసి నవ్వినందుకు ఆమెకు తన మీదే రోత పుట్టింది. ఆయనకు మిషను సంగతి తెలియకపోవడం వింత కాదు. ముప్పై ఏళ్లు పేజీలు చూసి, చూడకుండా చూశాననడం ఏమిటి?

"మేడం" అంది జాబితావిడ. "పేజీ ఎన్ని గంటలకి వెళ్లింది?"

"మూడూ యాభైకి" అంది కత్తెరమ్మ. "సంతకం నాదే. ప్రకటన చదవకుండా పెట్టాను. ఆ తర్వాత పేజీ ఎవరూ తెరవలేదు. ఆయన పదకొండేళ్లు మా విలేకరి. ఆయన రాసిన ప్రతి వార్తా నేనే దిద్దాను. చివరి రోజు వంతెన దగ్గరికెళ్లింది కూడా మా పేపరు పని మీదే. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

"నువ్వు ఇక రేపట్నుంచి..." అని మొదలుపెట్టాడు బావమరిది.

"తెలుసు సార్" అంది ఆమె, అటు చూడకుండానే.

జాబితావిడ ఫారంలో మొదటి గడిలో టిక్కు పెట్టింది. తన రాతలు ఒకసారి తిరగేసి రెండో గడిలోనూ పెట్టింది. తొమ్మిదో పేజీ ప్రింటుకి ఫొటో తీసుకుంది. బావమరిది ఫోనెత్తి బావగారి నంబరు నొక్కుతున్నాడు, రెండుసార్లు తప్పు పడింది.

మేస్త్రి తెరిచి వెళ్లిన తలుపు దగ్గర సాగదీత భార్య నిలబడి ఉంది. బెంచీ మీంచి ఎప్పుడు లేచి వచ్చిందో, ఎంతసేపు విందో తెలియదు. పర్సు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఆయన విలేకరేనని రాశారాండీ?" అని అడిగింది.

"రాశాను" అంది జాబితావిడ లేచి నిలబడి.

ఆమె మొహం ఒక్కసారి వదులైపోయింది. గోడకి చెయ్యి ఆనించి, పందొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి నలుగురి ఎదుటా గట్టిగా ఏడ్చింది. కత్తెరమ్మ వెళ్లి పట్టుకుంది. సాగదీత ఆమెను అక్కా అని పిలిచేవాడు కాబట్టి ఈమె వదినా అంటుంది.

"మీ మేలు మర్చిపోలేను వదినా. మీ ఉద్యోగం కూడా చూసుకోలేదు."

"ఊరుకోమ్మా."

"ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు వదినా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని తలెత్తింది. "ఆ రోజు నాలుగు దాటాక ఆయన నాకు ఫోన్ చేశారు. వాళ్లు రేపటి పేపరు చూసుకో అని నవ్వుతున్నారు, నాకెందుకో భయంగా ఉంది, ఆఫీసుకి చేసి కనుక్కుంటాను, ఏదైనా ఉందంటే వంతెన దాకా పోను, ఇటునుంచిటే ఇంటికొచ్చేస్తా అన్నారు. నేను అన్నం కూడా పెట్టి ఉంచాను. రాలేదు. అంటే ఏమీ లేదని ఎవరో చెప్పుంటారు కదా?"

కత్తెరమ్మ చేతులు ఆమె భుజాల మీద అలాగే ఉండిపోయాయి.

"మీ డెస్కులో ఆ టైముకి ఫోన్ ఎత్తింది ఎవరు వదినా?"